258 ఎత్తులు

పోయిన నెలలో రెండు వారాలు ఈ పేజీలో ఏమీ రాలేదు. ఆరోగ్యం బాగులేదేమోనని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఆరోగ్యానికి ఏమీ కాలేదు. ఆ రెండు వారాలూ మేము చదరంగం పోటీ నడిపే పనిలో ఉన్నాము. ఆడింది మనుషులు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు. నవ్వాలనిపిస్తే కాసేపు ఆపుకోండి. చివరిదాకా చదివాక నవ్వుదురుగాని.

మేము అంటే ఇద్దరం అన్నదమ్ములమని పాతవారికి తెలుసు, కొత్తవారి కోసం చెబుతున్నాము. మాలో పెద్దవాడి పని ఏమిటో ఈ పేజీ చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు. చిన్నవాడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్తాడు. చదరంగం పిచ్చి ఇద్దరికీ నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన రైసుమిల్లులో గుమస్తాగా చేసేవారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మిల్లు అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, విరిగిన గుర్రం బదులు చింతపిక్క పెట్టి మాకు ఆట నేర్పారు. గుడివాడలో పుట్టిన హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయిన రోజున ఆయన పేపరు పట్టుకుని మిల్లంతా తిరిగారట. ఇప్పుడు ఆయన లేరు. ఉండి ఉంటే ఈ పోటీ చూసి, మనుషులు ఆడక మిషన్ల చేత ఆడించడమేమిటిరా అని తిట్టేవారు.

చిన్నవాడి దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు సొంతంగా చదరంగం ప్రోగ్రాములు రాస్తున్నారు. వాళ్ళకొక వాట్సాప్ గ్రూపు ఉంది. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఎలాగో అందులో చేరారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన, డాలస్‌లో ఉంటున్న తెలుగాయన ఒకరు కూడా వచ్చారు. ఎవరి ప్రోగ్రాం గట్టిదో తేల్చుకోవాలని వేసవిలో అందరికీ పట్టుదల పుట్టింది. లెక్క చూస్తే ఎనిమిది ప్రోగ్రాములు. నడిపేవారు కావాలి. ప్రోగ్రాం లేనిది మాకే కాబట్టి ఎవరి పక్షమూ ఉండదని మమ్మల్ని పెట్టారు.

ఇలాంటి పోటీలు కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీ 1974లో స్టాక్‌హోమ్‌లో జరిగింది. పదమూడు ప్రోగ్రాములు వచ్చాయి, నాలుగు రౌండ్లు ఆడాయి, నాలుగూ గెలిచిన రష్యా ప్రోగ్రాం కైస్సా విజేత అయింది. దాన్ని నడిపిన కంప్యూటర్ మాస్కోలోనే ఉండిపోయింది. ఎత్తులు టెలిఫోన్‌లో చెప్పుకుంటే బల్ల దగ్గర కూర్చున్న మనిషి ముక్కలు జరిపేవాడు. ఇప్పుడు ఆ అవసరం లేదు. లీచెస్ అని డబ్బు తీసుకోకుండా నడిచే చదరంగం సైటు ఉంది. అందులో ప్రోగ్రాముల కోసం బాట్ ఖాతాలు ఇస్తారు. ఎవరి ప్రోగ్రాం వాళ్ళ ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటుంది. దానికీ సైటుకీ మధ్య వంతెనలాంటి చిన్న ప్రోగ్రాం ఇంకొకటి ఎత్తులు అటూ ఇటూ మోస్తుంది. ఒక్క షరతు: ఒక్క ఆట కూడా ఆడని కొత్త ఖాతాను మాత్రమే బాట్‌గా మార్చుకోనిస్తారు, మార్చాక వెనక్కి తీసుకోలేము. రాజమండ్రి పెద్దాయన పనిచేస్తుందో లేదో చూద్దామని కొత్త ఖాతాలో చేత్తో ఒక ఆట ఆడేశారు. మళ్ళీ మొదటి నుంచి ఇంకొకటి తెరవాల్సి వచ్చింది. ఆ రోజంతా గ్రూపులో అదే నవ్వులాట.

ఆటకు సమయం మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు అదనం అనుకున్నాము. ప్రపంచ బ్లిట్జ్ పోటీల్లోనూ అదే లెక్క. అరవై ఎత్తుల ఆటలో ఒక్కొక్కరికీ మొత్తం ఐదు నిమిషాలు వస్తాయి. ఒక ఆట పది పన్నెండు నిమిషాల్లో తేలిపోతుంది. ప్రతి జతకూ రెండు ఆటలు, రంగులు మార్చి. ఎనిమిది మందికి ఏడు రౌండ్లు, యాభై ఆరు ఆటలు. మొదటి శనివారం రాత్రి నాలుగు రౌండ్లు, రెండో శనివారం మూడు.

ప్రోగ్రాములతో ఇంకో చిక్కు ఉంది. మనిషి ఒక రోజు ఆడినట్టు ఇంకో రోజు ఆడడు. చిన్న ప్రోగ్రాములకు ఆ గుణం తక్కువ, వదిలేస్తే మొదటి ఎత్తులు ప్రతిసారీ అవే ఆడతాయి. అందుకని ఆరంభాలు మనమే ఇవ్వాలి. ఇరవై ఎనిమిది ఆరంభ స్థానాలు ఎంచి, చీటీల మీద రాసి, బిస్కెట్ డబ్బాలో వేసి అమ్మ చేత తీయించాము. డెబ్బై ఏళ్ళు దాటిన మా అమ్మకు చదరంగం రాదు. చీటీలో ఏముందో అడిగేది కాదు గాని, ఎవరెవరికి పడిందో మాత్రం అడిగి తెలుసుకునేది. రెండు రౌండ్లు తిరిగేసరికి ఎనిమిది మంది పిల్లలూ ఆమెకు సొంతవాళ్ళైపోయారు. ఆ పిల్లల్లో అరవై ఏడేళ్ళ పెద్దాయన కూడా ఉన్నారనుకోండి.

నియమాలు మూడే. ప్రోగ్రాం సొంతంగా రాసినదై ఉండాలి. ఎవరైనా అడిగితే కోడ్ చూపాలి. పోటీకి ముందు పర్ఫ్ట్ లెక్క సరిపోవాలి. పర్ఫ్ట్ అంటే ప్రోగ్రాంకి ఆట నియమాలన్నీ వచ్చో రావో తేల్చే పరీక్ష. ఆట మొదట్లో తెల్లవారికి 20 ఎత్తులున్నాయి. నల్లవారి జవాబు కూడా కలిపితే 400 దారులు. మూడో ఎత్తుకు 8,902. నాలుగుకు 1,97,281. ఐదుకు 48,65,609. ఈ అంకెలు ప్రపంచమంతా ఒకటే. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో ఒక నియమం తప్పు రాసినట్టు లెక్క. మేము నాలుగు దాకా అడిగి ఊరుకున్నాము. ఎనిమిది మందివీ సరిపోయాయి. ఐదో అంకె ఎందుకులే, ఆలస్యమవుతుంది అనుకున్నాము. ఈ మాట గుర్తుంచుకోండి.

మొదటి శనివారం రెండో రౌండు మధ్యలో మా ఊళ్ళో కరెంటు పోయింది. వేసవి కదా. ఇద్దరం కంగారుపడి ఇన్వర్టర్ దగ్గరికి ఒకరు, పక్కింటి వైఫై కోసం ఒకరు పరిగెత్తాము. తీరా ఫోన్‌లో చూస్తే నాలుగు ఆటలూ చక్కగా నడుస్తున్నాయి. ఆట మా ఇంట్లో జరగడం లేదన్న సంగతి అప్పుడు గాని మా బుర్రకెక్కలేదు. మేము లేకపోయినా ఆగదు.

నాలుగో రౌండులో అసలు సంగతి జరిగింది.

హైదరాబాద్ ఆయన ప్రోగ్రాం అప్పటికి ఆరు ఆటల్లో ఐదు గెలిచి ఒకటి డ్రా చేసుకుని పైన ఉంది. జంగారెడ్డిగూడెం వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడి ప్రోగ్రాంకి ఆరింట్లో ఒక్క పాయింటు. ఈ రెండిటికీ జత పడింది. మొదటి ఆట డ్రా. రెండో ఆట కుర్రవాడిది గెలిచింది.

పది నిమిషాల్లో గ్రూపులో ఒక పట్టిక వచ్చింది. ఆ గెలిచిన ఆటలో కుర్రవాడి ప్రోగ్రాం ఆడిన 38 ఎత్తుల్లో 31, పేరున్న ఒక ఉచిత ప్రోగ్రాం ఆడే ఎత్తులేనట. పైగా వాడు అంతకు ముందు గ్రూపులో పెట్టిన స్క్రీన్ ఫొటోలో లోతు, స్కోరు, లెక్కించిన స్థానాలు అన్నీ అచ్చం ఆ ప్రోగ్రాం చూపించినట్టే వరసగా ఉన్నాయట. కాపీ అనే మాట ఎవరూ రాయలేదు. రాయక్కర్లేకపోయింది.

కోడ్ పంపు బాబూ అని మేము రాశాము. జవాబు లేదు. ఇరవై నిమిషాలు చూశాము. అప్పుడు ఇద్దరం ఒక్క మాట అనుకుని, అందరూ చూస్తుండగా, "కోడ్ అందేవరకు ఈ ప్రోగ్రాం ఫలితాలు నిలిపివేస్తున్నాము" అని పెట్టేశాము. మాలో పెద్దవాడు ప్రతి ఆదివారం తొందరపడి ఎవరికీ తీర్పు తీర్చవద్దని చెప్పేవాడే. ఆ రాత్రి ఆ వాక్యం టైపు చేసింది ఆయన వేలే.

ఒంటిగంట దాటాక వాడి నుంచి రెండు మాటలు వచ్చాయి. "సరే సార్."

తెల్లవారి చిన్నవాడికి నిద్ర పట్టలేదు. పాఠం చెప్పేవాడు కదా, ఆ పట్టిక మళ్ళీ తీసి చూశాడు. 31 ఎత్తుల్లో పన్నెండు ముక్కకు ముక్క మార్చుకునేవే. నువ్వు నా మంత్రిని తీస్తే నేను నీ మంత్రిని తీయక ఏం చేస్తాను? అక్కడ ఏ ప్రోగ్రామైనా అదే ఆడుతుంది. చాలా ఎత్తులు అవతలివాడి గుర్రం ఊరికే పోయాక వచ్చినవి. ముక్క ఎక్కువున్నవాడికి దారి తేటగానే కనబడుతుంది. ఇక స్క్రీన్ మీద వరస. ప్రోగ్రాములు బయటి లోకంతో మాట్లాడడానికి యూసీఐ అని ఒక పద్ధతి ఉంది. 2000 నవంబరులో రుడాల్ఫ్ హ్యూబర్, స్టెఫాన్ మేయర్ కాలెన్ దాన్ని తెచ్చారు. అప్పటి నుంచి చాలా ప్రోగ్రాములు అలాగే మాట్లాడుతున్నాయి. గోదావరి యాసలో మాట్లాడేవాళ్ళంతా ఒక తల్లి బిడ్డలని అన్నట్టుంది మా సాక్ష్యం. ఇది చిన్నవాడు రెండో సంవత్సరం పిల్లలకు పాఠంగా చెప్పే సంగతే. రాత్రి పదకొండున్నరకు గుర్తు రాలేదు.

ఇంకోటి కూడా వాడు గుర్తు చేశాడు. రిబ్కా అనే ప్రోగ్రాం వరసగా నాలుగేళ్ళు, 2007 నుంచి 2010 దాకా, ప్రపంచ టైటిల్ గెలిచింది. అందులో ఫ్రూట్, క్రాఫ్టీ అనే వేరే ప్రోగ్రాముల సరుకు ఉందని ఆరోపణ వచ్చింది. ప్రోగ్రాములు రాయడంలో పండినవాళ్ళు చాలామంది నెలల తరబడి కోడ్ విప్పి చూసి, 2011లో ఆ టైటిళ్ళు తీసేశారు. రాసినాయన ఒప్పుకోలేదు. ఆ తీర్పు మీద వాదనలు తెగలేదు. వాళ్ళకు నెలలు పట్టింది. మేము ఇరవై నిమిషాల్లో తేల్చాము.

బుధవారం బండి మీద ఇద్దరం బయలుదేరాము. ఎండ నెత్తి మీద పడుతుండగా పొగాకు బ్యారన్లు దాటి, రెండుసార్లు దారి తప్పి, ఇల్లు పట్టుకున్నాము. వాళ్ళమ్మ గేదెకు కుడితి పెడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి చీరకు తుడుచుకుని, "రండి అయ్యగారూ, మావోడు ఏమన్నా తప్పు చేశాడా?" అంది. ఆ ప్రశ్న మా ఇద్దరికీ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లేదమ్మా, మేమే చేశాము అని అందామనుకున్నాము. నోరు రాలేదు. మంచినీళ్ళు అడిగాము.

వాడు మేడ మీద ఉన్నాడు. మేడంటే పూర్తి కాని శ్లాబు, ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. సిగ్నల్ అక్కడే వస్తుంది. శనివారం రాత్రి కూడా అక్కడే, సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, సీనియర్ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాడట. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"కోడ్ ఎందుకు పంపలేదు బాబూ?" అని అడిగాము.

చాలాసేపు నేల చూశాడు. "బాగోదు సార్. అంతా ఒకటే ఫైల్‌లో రాశాను. పెద్దపెద్దోళ్ళు ఉన్నారు గ్రూపులో. చూస్తే నవ్వుతారనుకున్నాను."

దొంగ అనిపించుకోవడానికి సిద్ధపడ్డాడు గాని, వచ్చీరానివాడు అనిపించుకోవడానికి వాడి మనసు ఒప్పలేదు. పందొమ్మిదేళ్ళ వయసు. మేమూ ఆ వయసు దాటే వచ్చాము.

ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. నిజంగానే బాగోలేదు. రెండు వేల పైచిలుకు లైన్లు, ఊపిరాడకుండా. మధ్యలో ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు: ఇది ఎందుకు పనిచేస్తుందో తెలీదు, ముట్టుకోవద్దు. చిన్నవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత పర్ఫ్ట్ ఐదో అంకె అడిగాడు. మేము పోటీకి ముందు అడగకుండా వదిలేసిన అంకె.

48,65,351 అని వచ్చింది.

రావలసింది 48,65,609. తేడా 258. చిన్నవాడు శ్లాబు మీద గంతేసినంత పని చేశాడు. పెద్దవాడికి ఏమీ అర్థం కాలేదు. బంటు రెండు గళ్ళు ముందుకు దూకినప్పుడు, పక్కన ఉన్న శత్రువు బంటు అది ఒక్క గడే నడిచినట్టు భావించి దాన్ని తీసేయవచ్చు. ఎన్ పాసాన్ అంటారు. మిల్లు అరుగు మీద నాన్నగారు కూడా మాకు ఈ నియమం నేర్పలేదు, పుస్తకం చూసి తెలుసుకున్నాము. ఆట మొదలైన నాలుగు ఎత్తుల లోపల ఇది జరిగే వీలే లేదు. ఐదో ఎత్తులో సరిగ్గా 258 దారుల్లో వస్తుంది. వాడి ప్రోగ్రాంకి ఆ ఎత్తు వేయడం రాదు. ఎదుటివాళ్ళు వేస్తే మాత్రం ఒప్పుకుంటుంది. మొదట్లో ఎవరో అలా తీసేసరికి ప్రోగ్రాం ఆగిపోయిందట. అప్పుడు అంతవరకే అతుకు వేసి, కింద ఒక లైను రాసుకున్నాడు: ఇది తర్వాత చూడాలి.

పేరున్న ప్రోగ్రాముల్లో ఈ తప్పు ఉండదు. వాటిలో ఒకదాన్ని ఎత్తుకొచ్చిన వాడి దగ్గర 258 తక్కువ పడదు. వాడి నిజాయితీకి వాడి తప్పే సాక్ష్యమిచ్చింది.

మరి గెలుపెలా వచ్చింది? అదీ చూశాము. వాడిది మిగిలిన సమయాన్ని నలభైతో భాగించి, అదనంగా వచ్చే రెండు సెకన్లలో సగం కలిపి, ప్రతి ఎత్తుకూ అంతే ఖర్చు పెడుతుంది. నెలజీతగాడి ఇంటి లెక్క. అవతలిది తెలివైనది గాని, చిక్కు వచ్చినచోటల్లా ఎక్కువ ఆలోచించి సమయం తగలేసింది. బ్లిట్జ్‌లో అది పెద్ద జబ్బు.

వాడికి అక్కడే క్షమించమని చెప్పాము. వాళ్ళమ్మ పెట్టిన ముంజలు తిని, టీ తాగి, తిరుగు ప్రయాణం పట్టాము. ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. దారి పొడుగునా గ్రూపులో ఏం రాయాలో మాటలు అల్లుకున్నాము. సాంకేతిక కారణాల వల్ల నిలిపిన ఫలితాలు పునరుద్ధరించడమైనది, ఇలాంటివి. ఇంటికొచ్చి అమ్మకు చదివి వినిపించాము. అమ్మ బిస్కెట్ డబ్బా తుడుస్తూ, "సాంకేతికమంటే ఏంట్రా?" అంది. చెప్పలేకపోయాము. "అందరి ముందూ అన్నారుగా. అందరి ముందే చెప్పండి" అంది.

చెరిపేసి మళ్ళీ రాశాము. ఈ ప్రోగ్రాం వాడి సొంతమే, మేము కళ్ళారా చూశాము, చూడకముందే నిలిపివేయడం మా తప్పు, పట్టిక పంపినవారిది కాదు, నిర్ణయం మాది, అందరి ఎదుటా ఆ అబ్బాయిని క్షమాపణ అడుగుతున్నాము. ఐదు వాక్యాలు. పంపాక ఫోన్ బోర్లా పెట్టి చాలాసేపు ముట్టుకోలేదు. ఊళ్ళో పదిమందికి మంచి చెడ్డలు చెప్పే మనిషికి ఆ ఐదు వాక్యాలు ఎంత బరువో రాసి చూస్తే గాని తెలియదు.

మర్నాడు హైదరాబాద్ ఆయన ఎవరూ అడగకుండానే తన ప్రోగ్రాం లాగ్ గ్రూపులో పెట్టారు. 41వ ఎత్తు దగ్గర గడియారం ఐదు సెకన్ల కిందికి జారింది. అలా జారితే ఆరు ఎత్తుల లోతుకు మించి చూడకుండా వెంటనే ఆడేయాలని ఆయనే జాగ్రత్త కోసం రాసుకున్న నియమం. ఆ ఒక్క ఎత్తులోనే గుర్రం పోయింది. "నా గోతిలో నేనే పడ్డాను, తమ్ముడూ సారీ" అని రాశారు. డాలస్ ఆయన కుర్రవాడికి ఫైళ్ళు ఎలా విడదీయాలో చెప్తూ నాలుగు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. కుర్రవాడి దగ్గరి నుంచి మాత్రం ఏమీ రాలేదు.

రెండో శనివారం రాత్రి తొమ్మిదికి ఐదో రౌండు. ఎనిమిదీ యాభై దాకా వాడి బాట్ పక్కన పచ్చచుక్క వెలగలేదు. అమ్మ మూడుసార్లు అడిగింది. జతలు మార్చాలా, వాడి రెండు ఆటలూ వదిలేయాలా అని మేము మాట్లాడుకుంటూ ఉంటే ఎనిమిదీ యాభై ఏడుకు వెలిగింది. పాత ల్యాప్‌టాప్ కదా, వేడెక్కి ఆగిపోయిందట. తడిగుడ్డ కింద పెట్టి లేపాడట. అలా చేయకూడదని చిన్నవాడు గట్టిగా చెప్పాడు, మీరూ చేయకండి.

హైదరాబాద్ ప్రోగ్రామే చివరికి మొదటి స్థానంలో నిలిచింది. కుర్రవాడికి పద్నాలుగు ఆటల్లో నాలుగున్నర పాయింట్లు, ఆరో స్థానం. బహుమతులేమీ పెట్టలేదు, అమ్మ మాత్రం అందరికీ సున్నుండలు పంపుతానంది. డాలస్‌కి ఎలా పంపాలో మేమింకా ఆలోచిస్తున్నాము.

ఏడో రౌండులో వాడికి రాజమండ్రి పెద్దాయనతో జత. రెండో ఆటలో తెల్లబంటు ఐదో వరస దాకా వెళ్ళి నిలబడింది. పెద్దాయన ప్రోగ్రాం పక్క బంటును రెండు గళ్ళు దూకించింది. వాడి ప్రోగ్రాం రెండు సెకన్లు ఆగి, దాని వెనక గడిలోకి ఏటవాలుగా అడుగేసి, ఆ బంటును తీసేసింది. తర్వాత ముప్పై ఎత్తుల్లో ఆట ఓడిపోయింది. ఆట ఇంకా నడుస్తుండగానే గ్రూపులో వాడి మెసేజ్ వచ్చింది. వారం రోజుల తర్వాత వాడు రాసిన మొదటి మాట.

"తీసింది సార్."